మూడో సీసా

సీసా నిన్న సాయంత్రం నుంచి భోజనాల బల్ల మీదే ఉంది. ఖాళీగానే ఉంది.

నేనే పెట్టాను, ఉప్పు డబ్బా పక్కన, వచ్చేపోయేవాళ్లకి కనిపించేట్టు. అరచేయంత తెల్ల ప్లాస్టిక్ సీసా. ఎర్ర మూత. మూత మీద మావారి ఉద్యోగం నంబరు రాసి అంటించిన చీటీ. తొమ్మిదింటికల్లా అది నిండి, ఆయన పనిచేసేచోట గేటు పక్కన, సీసాలు తీసుకునే కిటికీలో ఉండాలి. గడియారం ఏడున్నర దాటింది.

"ముందు అది లోపల పెట్టు. అమ్మ లేచింది," అన్నారాయన.

నేను కుట్టుమిషన్ ముందు నుంచి లేవలేదు. పక్కింటాయన చొక్కా చేతులు విప్పి మళ్లీ కుడుతున్నాను. నిన్న ఎడమ చెయ్యి తీసుకెళ్లి కుడివైపు కుట్టిపెట్టాను. ఇరవై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్నదాన్ని, మొన్న నేర్చుకున్నదాన్లా తయారయ్యాను.

"నిన్నే. వినపడలేదా?"

"వినపడిందండీ. సీసా మీది, ఒళ్లు మీది. మీరే నింపుకోండి."

నిన్న సాయంత్రం కూడా సరిగ్గా ఈ మాట దగ్గరే గొడవ మొదలైంది. అనాల్సినవన్నీ అనుకున్నాం, అనకూడనివి కూడా కొన్ని అనుకున్నాం. తర్వాత ఆయన చొక్కా వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా బయటికి వెళ్లి, గంటన్నరకి తిరిగొచ్చారు. అప్పటినుంచీ ఇంట్లో మాటల్లేవు.

సీసా నింపడానికి ఇంత గొడవేమిటి అనిపిస్తుంది ఎవరికైనా. ముందు రెండు సీసాలూ నింపింది నేను. ఆయన పేరు మీద వెళ్లిన ఆ రెండింట్లోనూ ఉన్నది నా మూత్రం. ఇంత సిగ్గుమాలిన సంగతిని ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు.

మావారు పనిచేసేచోట సూర్యుడిలో మండే మంటని ఒక ఉక్కు పాత్రలో మండించాలని ప్రయత్నిస్తున్నారు. పెళ్లయిన కొత్తలో ఆయన ఆ మాట చెబితే నేను నవ్వాను. ఇరవై మూడేళ్లు గడిచాయి, ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఆ మంటకి ట్రిటియం అనే, రేడియేషన్ చిమ్మే వాయువు కావాలట. అది బావులు తవ్వితే దొరికేది కాదు, ఆవగింజంత లిథియం గుళికల్లోంచి పుట్టించుకోవాలి. పుట్టినదాన్ని గొట్టాల్లోంచి లాగి, పట్టి, దాచే పని మావారి హాలుది. ఆ హాలుకి ఆయనే పెద్ద.

ఆ ట్రిటియం నీళ్లతో కలిసిందంటే ఇక నీళ్లే. రంగు మారదు, వాసన రాదు. ఒంట్లోకి పోతే ఒంట్లో నీళ్లలో కలిసిపోయి చెమటలో, ఊపిరిలో, మూత్రంలో మెల్లగా బయటికొస్తుంది. పదిరోజులకి సగం పోతుంది. బాగా నీళ్లు తాగితే ఇంకా తొందరగా పోతుంది. మనిషి ఏ మాటైనా చెప్పొచ్చు, సీసా మాత్రం ఉన్నదే చెబుతుందని ఆయనే నాతో ఎన్నోసార్లు గొప్పగా అన్నారు.

హాలులో ఒక నియమం ఉంది. గొట్టాల మీది వాల్వులు తిప్పేటప్పుడు ఒకరు అద్దం అవతల నిలబడి కాగితం చూసి నంబరు చదవాలి. రెండోవాళ్లు లోపల ఆ వాల్వు మీద చెయ్యి వేసి, నంబరు తిరిగి చెప్పి, అప్పుడు తిప్పాలి. ఆఖర్న ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ నియమం పెట్టించింది మావారే. అందుకే అక్కడ ఆయన్ని అందరూ హెడ్మాస్టరు అంటారు.

పదిహేను రోజుల కిందట ఆ హెడ్మాస్టరుగారు పని మొదలవకముందే రెండు సంతకాలూ చేయించేశారు. చదివేవాడి గడిలో తనది, తిప్పేవాడి గడిలో నా తమ్ముడిది. వేళ కలిసొస్తుందని అలా చేయడం కొంతకాలంగా అలవాటైపోయిందట. ఇంతలో తమ్ముడి భార్యకి కళ్లు తిరిగాయని ఫోనొచ్చింది. ఆమెకి అయిదో నెల. నువ్వు బయటికెళ్లి మాట్లాడు, ఈ ఆరు వాల్వులూ నాకు కళ్లు మూసుకున్నా తెలుసు అని వాణ్ణి పంపించి, ఈయనే లోపలికెళ్లారు. చదివేవాడు లేడు. అయిదో వాల్వు నాలుగోదానికంటే ముందు తిరిగింది.

అలారం మోగింది. మా తమ్ముడు ఫోను పారేసి, మాస్కు కూడా పెట్టుకోకుండా లోపలికి పరిగెత్తాడు. బావని రెక్క పట్టుకుని బయటికి లాగి, మళ్లీ వెళ్లి వాల్వు మూసి వచ్చాడు.

కాగితం చూస్తే తిప్పింది తమ్ముడు. సీసాలు చూసినా లోపలికి వెళ్లింది తమ్ముడే. మావారి సీసాలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఎందుకుంటుంది? నేనా హాలు గుమ్మం కూడా తొక్కలేదు.

నాలుగో రోజున తమ్ముణ్ణి పనిలోంచి ఆపేశారు. ఈరోజు పదకొండింటికి కమిటీ కూర్చుని వాడి సంగతి తేల్చేస్తుంది.

మా అత్తగారు బల్ల దగ్గరికొచ్చి సీసాని ఎత్తి చూశారు. "ఇంకా పోయలేదా వీడు?" అని నన్నడిగారు, బొత్తిగా పాలవాడి గురించి అడిగినట్టు. కొడుక్కి షుగరొచ్చిందనీ, మేమిద్దరం ఆవిడ దగ్గర దాస్తున్నామనీ ఆవిడ అనుమానం. రోజూ బిందెడు నీళ్లు తాగి గంటకోసారి లేస్తుంటే ఇంకేమనుకుంటారు. ఈ పూట కూడా ఆయనకి చక్కెర లేని టీ ఇమ్మని నాకు పురమాయించి, తన గ్లాసులో మాత్రం రెండు చెంచాలు ఎక్కువే వేయించుకుని పెరట్లోకి వెళ్లారు.

మామూలు రోజైతే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆయన నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు.

మొదటిసారి ఆయన నాతో చెప్పింది కూడా షుగరనే. ప్రమాదం జరిగిన మర్నాడు సీసా చేతికిచ్చి, నాకు షుగరుందేమోనని భయంగా ఉంది, బయటపడితే షిఫ్టులోంచి తీసేస్తారు, ఈ ఒక్కసారికి నువ్వు పోసివ్వు అన్నారు. నమ్మాను. సిగ్గుపడుతూనే, కొంచెం నవ్వుకుంటూ కూడా పోసిచ్చాను. ఆ మొదటి సీసాకి నన్ను ఎవరైనా క్షమించొచ్చు.

రెండోది అలా కాదు. అది ఎనిమిదో రోజు. అప్పటికి తమ్ముణ్ణి ఆపేసి నాలుగు రోజులైంది, మరదలు ఫోన్ చేసి ఏడ్చి మూడు రోజులైంది. సీసా చేతికిచ్చినప్పుడు ఇప్పుడు కూడా షుగరేనా అనడిగాను. ఆయన కళ్లు పక్కకి తిప్పుకున్నారు. నాకు మొత్తం అర్థమైపోయింది. అర్థమయ్యాక కూడా స్నానాలగదిలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టుకుని, నింపి ఇచ్చాను.

ఇద్దరిలో ఎవరో ఒకరికి దెబ్బ తగలక తప్పదు, ఆ తగిలేదేదో మావారికి తగలకుండా ఉంటే చాలనుకున్నాను. నా వెనకాలే తొమ్మిదేళ్లవాడుగా ఈ ఇంటికొచ్చి, నా చేతి అన్నం తిని పెరిగిన తమ్ముడి గురించి నేను అలా అనుకున్నాను. వారం రోజులుగా ఆ స్నానాలగది తలుపు చూస్తే నాకు మొహం తిప్పుకోవాలనిపిస్తోంది.

"ఒక్కసారి," అన్నారాయన, కుర్చీ లాక్కుని మిషన్ పక్కన కూర్చుని. "ఇదే ఆఖరు. కమిటీ అయిపోతే ఇక వారం వారం ఎవరూ పట్టించుకోరు."

"నిన్న కూడా ఇదే చెప్పారు."

"ఉద్యోగం పోతుందని కాదు నా బాధ. నీకది అర్థం కావట్లేదు."

అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. మిషన్ ఆపాను.

"ఆ గోడ మీద బోర్డు నేనే రాయించాను. చదవకుండా తిప్పితే ఆరోజే బయటికి అని. ఆ బోర్డు కింద నిలబెట్టి ఇద్దర్ని పంపించేశాను కూడా. ఒకడు నా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు, అయినా వినలేదు. ఇప్పుడు వెళ్లి అదే బోర్డు కింద నేను నిలబడాలా?"

"మా తమ్ముడు నిలబడొచ్చా?"

"వాడు చిన్నవాడు. చిన్నవాడు తప్పు చేస్తే నాలుగు రోజులకి మర్చిపోతారు. నేను చేశానంటే నేను పోయాక కూడా చెప్పుకుని నవ్వుతారు."

ఆయన కంట్లో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. ఆ జాలి వేసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. వాడు మీ కోసం లోపలికి పరిగెత్తాడు కదా అన్నాను. ఆయన తల దించుకుని, పరిగెత్తమని నేను చెప్పలేదు అన్నారు.

ఆ మాట అని వెంటనే నాలుక కరుచుకున్నారు. కానీ అన్నది అన్నట్టే ఉండిపోయింది. నేను చొక్కా మడిచి పక్కన పెట్టాను.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

మరదలు. చెమట పట్టిన మొహంతో, చంకకి సంచీ తగిలించుకుని, ఆయాసపడుతూ లోపలికొచ్చింది. బస్సు దొరక్క సగం దూరం నడిచొచ్చిందట. ఈ స్థితిలో నడవడమేమిటని కోప్పడి కుర్చీలో కూర్చోబెట్టాను. అలా కోప్పడితే కాస్త మామూలు మనిషినైనట్టు అనిపించింది.

మావారు లేచి నిలబడ్డారు. ఆమె ఆయన్ని చూడగానే కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చో, కూర్చో," అన్నారాయన, కిటికీ వైపు చూస్తూ.

"మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు అన్నయ్యగారూ. మీరు నిన్న రాకపోయుంటే మాకు దిక్కు తోచేది కాదు."

నిన్న ఆ గంటన్నర ఎక్కడికి వెళ్లారో నాకప్పుడు తెలిసింది. మరదలు నా చెయ్యి పట్టుకుని సంతోషంగా అంతా చెప్పింది. సాయంత్రం అన్నయ్యగారు వాళ్లింటికి వచ్చారట. ఆమె టీ పెడుతుంటే బావా బావమరుదులు ముందుగదిలో కూర్చుని ఉత్తరం రాశారట. వాల్వు తిప్పింది నేనే, ఆ సమయంలో లోపల నేనొక్కణ్ణే ఉన్నాను, తప్పు ఒప్పుకుంటున్నాను, క్షమించి వేరే విభాగానికి పంపించండి అని. ఒప్పుకుంటే అంతటితో వదిలేస్తారట, లేకపోతే పూర్తిగా తీసేస్తారట. ఒక్కొక్క మాటా అన్నయ్యగారే చెప్పి రాయించారట.

"ఆయన మొదట రాయనని మొండికేశారు వదినా. కలం పట్టుకుని అలాగే కూర్చున్నారు. అన్నయ్యగారు ఏం చెప్పారో ఏమో, మరి కాసేపటికి రాసేశారు. ఆ తర్వాత నాతో కూడా చెప్పారు, తప్పు నాదే, ఫోనులో నీ గొంతు విని కంగారులో తిప్పేశానని. నా ఫోన్ వల్లే కదా ఇదంతా. నేనే ఆయన కొంప ముంచాను."

వాడు కట్టుకున్న భార్య దగ్గర కూడా బావని కాచాడు. దానికోసం ఆమె నెత్తిన ఇంత బరువు పెట్టాడని కూడా వాడికి తోచి ఉండదు. నీ ఫోను వల్ల కాదమ్మా అన్నాను. ఆమె అదేదో ఓదార్పు అనుకుని తలూపింది.

ఉత్తరం తమ్ముడి దగ్గరే ఉంది. పదకొండింటికి వాడే కమిటీ చేతికిస్తాడట. ఇచ్చాక ఇక ఎవరేం చెప్పినా వినేవాళ్లుండరు. వాడి చేత్తో వాడే రాసిచ్చాడంటారు.

మరదలు కొంచెం నీళ్లు తాగి ఊపిరి తీసుకుంది. వాళ్లింట్లో ఇప్పుడు ఎవరి గ్లాసు వాళ్లదేనని చెప్పింది. ప్రమాదమైన మర్నాడే సేఫ్టీ డాక్టరమ్మ వాళ్లింటికొచ్చి, నెల రోజులు వేరే గదిలో పడుకోమనీ, కిటికీలు తెరిచే ఉంచమనీ, కడుపులో బిడ్డకేం భయం లేదనీ జాగ్రత్తలన్నీ చెప్పి వెళ్లిందట. ఆమెకి కూడా రెండుసార్లు పరీక్ష చేశారట. ఏమీ రాలేదట.

నేను మావారి వైపు చూశాను. ఆయన నా పక్కనే పడుకున్నారు, పదిహేను రోజులూ. కిటికీలు మూసుకుని, ఫ్యాను గాలి చాలడం లేదని ఇంకాస్త దగ్గరికి జరిగి. ఒక్క మాట చెప్పలేదు.

ఆయనకి నా చూపు అర్థమైంది. మొహం నల్లబడింది.

"అన్నట్టు వదినా, ఆయన సీసా ఇవ్వడానికే బయల్దేరాను," అని మరదలు సంచీలోంచి తీసి చూపించింది. అలాంటిదే తెల్ల సీసా, ఎర్ర మూత. నిండుగా ఉంది. "ఆయన్ని గేటు దగ్గరికి వెళ్లొద్దన్నాను, తెలిసినవాళ్లు చూస్తే చిన్నతనంగా ఉంటుందని. అన్నయ్యగారిది కూడా ఇచ్చేస్తే రెండూ కలిపి నేనే ఇచ్చేస్తాను. అన్నయ్యగారికి తిరిగే పని తప్పుతుంది."

బల్ల మీది ఖాళీ సీసా ఆమె కంటపడింది. "ఇంకా కాలేదేమో, ఫరవాలేదు, కూర్చుంటాను," అని మొహమాటంగా నవ్వింది.

ఆ మాటకి నేలలోకి కుంగిపోవాలనిపించింది. అంతలో మావారి ఫోన్ మోగింది. ఆయన తెర మీద పేరు చూసి పడకగదిలోకి వెళ్లిపోయారు. నేనూ వెనకే వెళ్లి తలుపు చేరవేశాను. పంపుల హోరుకి ఆయన కుడిచెవి ఎప్పుడో మందగించింది, ఫోన్ స్పీకరులో పెట్టుకునే మాట్లాడతారు. సేఫ్టీ డాక్టరమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

ఆవిడ ముందు ఆయన ఆరోగ్యం అడిగింది. తర్వాత సీసాల సంగతి ఎత్తింది. మొదటి సీసాలో ఏమీ లేదట, అద్దం అవతల నిలబడ్డ మనిషికి ఉండాల్సినట్టే ఉందట. రెండోదాంట్లో మాత్రం అంకె పెరిగిందట. చాలా చిన్న అంకె, దానివల్ల ఒంటికి ఏ హానీ లేదు, భయపడొద్దు అంది. యంత్రం పొరపాటేమోనని మళ్లీ చేసి చూశారట, అంతే వచ్చిందట.

"అందరిదీ వారం వారం తగ్గుతోందండీ. మీదొక్కటే పెరిగింది. అలా పెరగాలంటే ప్రమాదం తర్వాత మీరు ఇంకెక్కడో కొద్దికొద్దిగా పీలుస్తూ ఉండాలి. హాలు గాలి శుభ్రంగానే ఉంది. అందుకే అడుగుతున్నా, మీ బావమరిది గానీ మీ ఇంట్లో ఉంటున్నాడా? ఒకే గదిలో పడుకుంటే ఊపిరి ద్వారా రావచ్చు."

పెరిగింది నా ఒంట్లోది. ఆయన ఊపిరి నాలోకి వచ్చింది. ఆవిడ అన్నీ సరిగ్గానే కనిపెట్టింది, ఎవరి ఊపిరి ఎవరికన్నది ఒక్కటే తారుమారైంది.

మావారికి అది నాకంటే ముందే అర్థమై ఉంటుంది. మంచం అంచు మీద కూలబడ్డారు. నా వైపు చూసిన ఆ చూపులో ఒక్క క్షణం పాత మనిషి కనిపించాడు. ఇప్పుడు చెప్పేస్తారు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"అవును మేడమ్," అన్నారు. "మా ఇంట్లోనే ఉంటున్నాడు. పనిలోంచి ఆపేసిన రోజు నుంచీ."

ఎంత తేలిగ్గా అన్నారో. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆయన అబద్ధం ఆడితే గొంతు పట్టేస్తుందని నాకో నమ్మకం ఉండేది.

డాక్టరమ్మ ఊరటగా నిట్టూర్చింది. అలా అయితే సరిపోయిందనీ, కమిటీ కాగితాల్లో అదే రాసేస్తాననీ, కాకపోతే ఇంట్లో ఆడవాళ్లకి కూడా పరీక్ష చేయించాలనీ అంది. ఎన్ని రోజులు, ఏ గదిలో, వివరాలు రాసుకోవాలి, ఒకసారి మీ ఆవిడకి ఫోనివ్వండి అంది.

ఆయన ఫోన్ నా వైపు చాపారు. రెండో చెయ్యి నా గడ్డం కింద పెట్టి కళ్లతోనే బతిమాలారు. ఆయన అలా బతిమాలడం నేను ఎప్పుడూ చూడలేదు, ఇకముందు చూడకూడదు కూడా.

ఫోన్ తీసుకున్నాను. ఆ గదిలోనే ఉండి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. అలవాటు అలాంటిది. అందుకే తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చి, మరదలి ఎదురుగా కూర్చున్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

"అమ్మా, మీ తమ్ముడు ఎన్ని రోజులుగా మీ ఇంట్లో ఉంటున్నాడు?" అంది ఫోను.

మరదలి నవ్వు ఆగిపోయింది. మా ఇంట్లోనా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

"ఉండట్లేదండీ," అన్నాను. "వాడింట్లో వాడున్నాడు. ఆ సీసాలో ఉన్నది మావారిది కాదు. నాది."

పడకగది గుమ్మంలో ఆయన నిలబడ్డారు. అత్తగారు పెరటి తలుపు దగ్గర గ్లాసుతో ఆగిపోయారు.

"మావారు ఆరోజు లోపలే ఉన్నారు. వాల్వు తిప్పింది ఆయనే. మా తమ్ముడు ఆయన్ని బయటికి తేవడానికి వెళ్లాడు. కావాలంటే ఇప్పుడే వచ్చి ఆయన్ని పరీక్ష చేసుకోండి, ఇంకా కొంతైనా ఉంటుంది."

డాక్టరమ్మ కోప్పడలేదు. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆవిడ గొంతు మెత్తగానే ఉంది, అదే నాకు మరీ కష్టమైంది.

"ఎన్నిసార్లు ఇచ్చారమ్మా? మొదటిసారేనా, రెండుసార్లూనా?"

మొదటిసారే అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మొదటిసారికి నాకు ఏమీ తెలియదు, అది నిజమే. మరదలు నా చెయ్యి ఇంకా పట్టుకునే ఉంది. పెదాలు కదులుతున్నాయి. తమ్ముణ్ణి ఎప్పుడు ఆపేశారో, నాకు ఎప్పుడు ఫోన్ చేసి ఏడ్చిందో, ఆ రోజులే లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"రెండుసార్లూ," అన్నాను.

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. విసురుగా కాదు, పడుకున్న పిల్లని లేపకుండా పక్కకి జరిగినట్టు తీసుకుంది.

పదకొండింటికి మీరే రావాలమ్మా, ఇదే మాట కమిటీ ముందు, మీ తమ్ముడి ఎదురుగా చెప్పాలి అని డాక్టరమ్మ అంది. వస్తానన్నాను. ఫోన్ ఆగిపోయింది.

మావారు గుమ్మంలోంచి కదల్లేదు. మరదలు ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు. సంచీలో సీసా నిటారుగా ఉందో లేదో చూసుకుని, కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. నేను కూడా లేచాను. బస్సుదాకా వస్తానన్నాను. వద్దంది. నేనే ఇంటికొచ్చి వాడికి చెబుతాను అనడానికి నాకు ధైర్యం లేకపోయింది, అందుకే నువ్వు వెళ్లగానే వాడితో చెప్పు, ఆ ఉత్తరం ఇవ్వొద్దని చెప్పు అని బతిమాలాను.

ఆమె గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. కళ్లలో నీళ్లు లేవు.

"వాల్వు తిప్పింది బావేనని ఆయనకి ముందే తెలుసు వదినా, కళ్లారా చూశారు కదా. కానీ ఆ సీసా మీరిచ్చారని నేను చెబితే ఆయన నమ్మరు. మా అక్క మీద లేనిపోనివి చెబుతావా అని నన్నే తిడతారు," అంది. "అది మీరే చెప్పుకోండి."